ఇంటిపని కనబడాలంటే గడ్డకట్టే చలి కావాలా?

"మీ చెల్లెలికి అమెరికాలో ఇల్లే లేదటగా?"

2023 దసరాకి తెనాలిలో అమ్మ దగ్గరకి వెళ్ళినప్పుడు ఎదురింటి పిన్నిగారు నన్ను పలకరించిన తీరు ఇది. అమ్మ ముఖం చిన్నబోయింది. "ఉందండీ, ఊరు మారుతున్నారంతే" అని సర్దేసింది. లోపలికొచ్చాక మాత్రం నా చెయ్యి పట్టుకుని, "వీసా ఉందిగా నీకు, ఒకసారి వెళ్ళి చూసిరావే. బండిలో కాపురమేమిటే? అదీ ఆ మంచులో!" అంది.

అసలు సంగతేమిటంటే, మా చెల్లెలు అక్కడ ఫిజియోథెరపిస్టు. ఒక్కో ఊళ్ళో పదమూడు వారాల కాంట్రాక్టు. అది కాగానే పెట్టే బేడా సర్దుకుని ఇంకో ఊరు. మరిదిది కంప్యూటర్ ఉద్యోగం, ఇంట్లో కూర్చునే చేస్తాడు. మూడు నెలలకోసారి అద్దె ఇల్లు వెతుక్కోలేక, ఆ అద్దెలు భరించలేక ఆర్వీ కొనుక్కున్నారు. ఆర్వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. సెలవుల్లో పిల్లాపాపలతో అడవులకీ కొండలకీ వెళ్ళేవాళ్ళ కోసం తయారుచేసే బండి. వీళ్ళది ట్రైలరు రకం. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోతారు. పొడవు 28 అడుగులు, వెడల్పు 8 అడుగులు. మొత్తం 224 చదరపు అడుగుల్లో పడక, వంటగట్టు, టేబులు, బీరువా అంత స్నానాల గది. గుంటూరులో మా హాలే అంతకన్నా పెద్దది.

ఆ చలికాలం చెల్లెలికి నార్త్ డకోటా రాష్ట్రంలో పని దొరికింది. కెనడా సరిహద్దుకి ఆనుకుని ఉన్న రాష్ట్రం. జనవరి రాత్రుల్లో సున్నాకి ఇరవై డిగ్రీలు కిందకి దిగడం అక్కడ మామూలు. 2024 జనవరి మొదటివారంలో నేను బిస్మార్క్‌లో విమానం దిగి, మరిదితో పడమరకి మూడు గంటలకు పైగా ప్రయాణం చేసి ఆ ఊరు చేరాను. దారిలో కనబడిందంతా తెలుపే. ఆ పక్కనే విల్లిస్టన్ అని చమురు ఊరు ఉంది. 2010 జనాభా లెక్కల్లో 14,716 మంది ఉన్న ఊరు 2020 నాటికి 29,160కి చేరింది. చమురు పనులకి జనం విరగబడి వచ్చిన ఆ రోజుల్లో ఇళ్ళు చాలక ఎందరో ఇలాంటి బళ్ళలోనే చలికాలాలు వెళ్ళదీశారట. అందుకే ఆ చుట్టుపక్కల ఆర్వీలు నిలుపుకోడానికి నీళ్ళూ కరెంటూ ఇచ్చే స్థలాలున్నాయి.

చెల్లెలి బండి చూడగానే నాకు నవ్వొచ్చింది. కింద చక్రాలు కనబడకుండా చుట్టూ థర్మాకోల్ లాంటి మందపాటి అట్టలు కట్టారు. చీర కుచ్చిళ్ళు నేలదాకా దింపినట్టు! "నవ్వకక్కా, అవి లేకపోతే కింది నుంచి గాలి దూరి గొట్టాలన్నీ గడ్డకడతాయి" అంది చెల్లి. ఈ బళ్ళ గోడలు రెండంగుళాల మందం ఉంటే గొప్ప. వేసవి సరదాల కోసం చేసినవి మరి.

నీళ్ళు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతాయి. నిండా నీళ్ళు పోసి డీప్ ఫ్రిజ్‌లో మరిచిపోయిన సీసా పగలడం మనందరికీ అనుభవమే. అక్కడ గొట్టాలకీ అదే గతి. అందుకని కుళాయి నుంచి బండిలోకి వచ్చే గొట్టం చుట్టూ వేడెక్కే కరెంటు తీగ చుట్టి, దానిమీద స్పాంజి తొడిగారు. ఆ కుళాయి కూడా మామూలుది కాదు. మంచు ప్రభావం చేరనంత లోతున, భూమి లోపల ఉంటుంది దాని మూత. పైన పిడి తిప్పితే అక్కడెక్కడో లోపల తెరుచుకుంటుంది. కట్టేయగానే మధ్యలో మిగిలిన నీళ్ళు మట్టిలోకి జారిపోతాయి. ఎంత తెలివైన ఏర్పాటో!

ఇక గ్యాసు. బండి ముందు రెండు ప్రొపేన్ సిలిండర్లు. ఒక్కోదాంట్లో 13 కిలోల పైచిలుకు, ఇంచుమించు మన 14.2 కిలోల గ్యాస్ బండంత. గుంటూరులో నాకు నెలన్నర వచ్చే బండ అక్కడ గట్టి చలిలో రెండురోజులకి అయిపోతుంది. వంటకి కాదు, గది వెచ్చగా ఉంచడానికి. మన గ్యాసు అక్కడ పనికిరాదు కూడా. మనదాంట్లో బ్యూటేన్ కలుస్తుంది. అది సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ అయితే సున్నాకి 42 డిగ్రీలు కిందదాకా ఆవిరవుతుంది.

ఇదంతా నాకు చెప్పింది మరిది. మూడు కొలమానాలు, నాలుగు మీటర్లు చూపిస్తూ ఎంత ఉత్సాహంగా చెప్పాడో! ఫ్రిజ్ తలుపుకి ఒక చార్టు అంటించాడు. తేదీ, బయట ఎంత చలి, సిలిండరు ఎప్పుడు మార్చింది, నీళ్ళెన్ని మిగిలాయి, మురుగు ట్యాంకులు ఎంత నిండాయి, ఎప్పుడు ఖాళీ చేసింది... అన్నీ గళ్ళు గీసి రాసుకున్నాడు.

ట్యాంకుల సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. స్నానం నీళ్ళకొకటి, మరుగుదొడ్డికొకటి. దొడ్డి ట్యాంకు మూత ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. తెరిచి ఉంచితే నీళ్ళు కొద్దికొద్దిగా జారి గొట్టంలోనే గడ్డకట్టి దారి మూసేస్తాయి. నిండేదాకా ఆగి, మధ్యాహ్నం కాస్త ఎండ తగిలే వేళ ఒక్కసారిగా వదలాలి. ఆ పని మా మరిదే చేస్తాడు. పెద్ద బూట్లు, రబ్బరు తొడుగులు వేసుకుని వెళ్ళి, అరగంట తర్వాత ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చి, చార్టులో టిక్కు పెడతాడు. తెనాలిలో పుట్టినింట గానీ, గుంటూరులో మెట్టినింట గానీ మరుగుదొడ్డి శుభ్రం చేసిన మగవాణ్ణి నేను ఈ ముప్ఫై ఎనిమిదేళ్ళలో చూడలేదు. అక్కడ చూశాను.

నిజం చెప్పొద్దూ, ఆ చార్టు చూస్తుంటే నాకు గర్వం కాదు, ఉక్రోషం వచ్చింది. ఎందుకంటారా? అలాంటి చార్టు నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మా అమ్మ వంటింటి గోడకి వేలాడే క్యాలెండరే ఆ చార్టు. గ్యాస్ బండ మొదలెట్టిన రోజు చుట్టూ సున్నా. పాలు తీసుకోని రోజుకి ఇంటూ. చాకలి పద్దు, కిరాణా బాకీ, బియ్యం బస్తా విప్పిన తేదీ. తెల్లవారుజామున కుళాయి వచ్చే రోజుల్లో ఎన్ని బిందెలు పడితే ఆ పూట గడుస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు. నాన్నగారు ఆ క్యాలెండరు చూసి, "మీ అమ్మకి లెక్కల పిచ్చి. బండ అయిపోతే ఇంకోటి రాదూ!" అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

అదే లెక్క. అదే ముందుచూపు. మరిది రాస్తే 'సిస్టమ్', అమ్మ రాస్తే పిసినారితనం! ఇదెక్కడి న్యాయం?

బాగా ఆలోచిస్తే కారణం బోధపడింది. మన ఇళ్ళలో ఇంటిపని కంటికి కనబడదు. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, వాడినవి ఎక్కడికో పోతాయి. సాయంత్రానికి అన్నం ఉంటుంది, పొద్దున్నకి ఉతికిన బట్టలుంటాయి. మధ్యలో ఎవరో ఒకరు పొద్దస్తమానం తిరగబట్టే అవి ఉన్నాయని ఎవరికీ తట్టదు. ఆ బండిలో అలా కాదు. నీళ్ళు 150 లీటర్లు, వేడినీళ్ళు 22 లీటర్లు. ఒకరు పూట మరిచిపోతే గొట్టం పగులుతుంది, లేదా రాత్రికి గది చల్లబడుతుంది. పని చెయ్యకపోతే ఏమవుతుందో గంటలో తెలిసిపోతుంది. అందుకే అక్కడ అది 'ఆడవాళ్ళ పని' కాలేదు. బతుకు పని అయింది. బతుకు పని అనుకోగానే మగవాడు చెయ్యి వేశాడు.

అయితే అక్కడా ఒక చిక్కుంది. ఇద్దరు మనుషులు ఊపిరి పీల్చి వదిలితే చాలు, అంత చిన్న చోట కిటికీలన్నీ చెమ్మగిల్లుతాయి. కుక్కరు మూడు కూతలు వేసిందంటే అద్దాల మీద నీళ్ళు ధారకట్టి, అంచుల్లో మంచుగా పేరుకుంటాయి. పరుపు కింద తడి చేరి బూజు పడుతుంది. రోజూ పొద్దున్నే లేచి అద్దాలన్నీ తుడిచి, పరుపు ఎత్తి ఆరబెట్టి, ఆ తర్వాత చెల్లెలు డ్యూటీకి వెళ్తుంది. నేను వెళ్ళిన నాలుగో రోజున చార్టు దగ్గర నిలబడి చూశాను. అన్నిటికీ గళ్ళున్నాయి. అద్దాలు తుడవడానికి గడి లేదు!

"ఇదెందుకు రాయలేదు బాబూ?" అని అడిగాను.

"అది చిన్న పని కదా వదినగారూ" అన్నాడు మరిది. అనేసి తనే ఆగిపోయాడు. మంచి పిల్లాడు. ఆ సాయంత్రమే ఇంకో గడి గీశాడు. మర్నాటి నుంచి ఒకరోజు తను, ఒకరోజు చెల్లెలు.

అలా అని నేనేదో అన్నీ తెలిసిన పెద్దమనిషినని అనుకోకండి. భోగి రోజు నేను చేసిన నిర్వాకం చెబితే మీకే తెలుస్తుంది. ఆ వారం అక్కడ ఉత్తరధ్రువపు గాలులు విరుచుకుపడ్డాయి. సున్నాకి దిగువన ముప్ఫై డిగ్రీల దాకా పోయింది. తెనాలిలో భోగిమంటలు వేసే రోజున ఇక్కడ బయటికి ముక్కు పెట్టే వీల్లేదు. పొంగలి అయినా చేద్దామని చీకటితో లేచి, రెండు పొయ్యిలూ వెలిగించి పెద్ద గిన్నె పెట్టాను. నెత్తిమీద కప్పుకున్న కిటికీ వేలెడు తెరిచి ఉంది. అందులోంచి చలిగాలి మెడమీదకి దిగుతోంది. ఇంత చలిలో దీన్నెందుకు తెరిచారు, మతిమరుపు పిల్లలని మూసేశాను. తలుపు సందులో తువ్వాలు కుక్కాను. గది వెచ్చబడింది. పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ కూర్చున్నాను. కాస్త తల బరువెక్కితే నిద్ర చాలలేదనుకున్నాను.

ముప్పావుగంట గడిచిందో లేదో గోడమీది పెట్టె ఒకటి చెవులు చిల్లులుపడేలా కూసింది. చెల్లి ఒక్క ఉదుటున లేచి పొయ్యి ఆర్పి, తలుపు బార్లా తెరిచి, దుప్పట్లతో సహా మమ్మల్ని బయటికి తోసింది. కార్బన్ మోనాక్సైడ్! గాలి ఆడని చోట మంట సరిగా మండక పుట్టే విషం. వాసన ఉండదు, రంగు ఉండదు. రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది చేరి కూర్చుంటుంది. మగత కమ్మిందనుకుని పడుకున్నవాళ్ళు మరి లేవరు. ఆ పెట్టె లేకపోతే, ఆ పండగ పూట నా వల్ల ముగ్గురం ఏమయ్యేవాళ్ళమో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. కప్పుకున్న కిటికీ మతిమరుపు కాదు. చెమ్మా, చెడుగాలీ పోవడానికి ఎంత చలైనా వేలెడు తెరిచే ఉంచాలి.

ఇది అమెరికా గొడవ అనుకోకండి. తలుపులు బిగించి కుంపటి పెట్టుకు పడుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ వార్తలు ఉత్తరాది నుంచి చలికాలంలో వస్తూనే ఉంటాయి. కిటికీ లేని స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టుకోవడమూ అంతే ప్రమాదం. మీ ఇంట్లో ఉంటే ఇవాళే చూసుకోండి.

ఆ పొద్దున మమ్మల్ని తన బండిలోకి లాక్కెళ్ళి వేడి టీ ఇచ్చింది పక్కనున్న పెద్దావిడ. అరవై ఎనిమిదేళ్ళు. భర్త పోయాక వచ్చే పింఛను ఇంటి అద్దెకే చాలక, ఇల్లు వదులుకుని ఒంటరిగా ఆ చిన్న బండిలోకి మారింది. 2008 మాంద్యం తర్వాత ఇలా బళ్ళలోకి చేరిన పెద్దవయసు వాళ్ళ గురించి జెస్సికా బ్రూడర్ అనే పాత్రికేయురాలు 2017లో 'నోమాడ్‌ల్యాండ్' అని పుస్తకం రాసింది. దాన్నే సినిమాగా తీస్తే 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. తెరమీద కొండలూ సూర్యాస్తమయాలూ ఎంత అందంగా ఉన్నా, ఈవిడ ఎండిపగిలిన చేతులు చూశాక ఆ బతుకుని అందం అనడానికి నాకు నోరు రాలేదు. మా చెల్లెలికి ఇది ఎంచుకున్న దారి. కావాలంటే రేపు ఇల్లు తీసుకోగలదు. ఈవిడకి వేరే దారి లేదు. గొట్టం కట్టడం, ట్యాంకు వదలడం, సిలిండరు మొయ్యడం... అన్నీ ఒక్కతే.

నన్ను ఒక్క మాట కూడా అనలేదావిడ. "మొదటి చలికాలం నేనూ మూశాను, అందరూ మూస్తారు" అంది. ఆవిడా, చెల్లీ ఒక ఒప్పందం పెట్టుకున్నారు. పొద్దున ఏడింటికల్లా ఎవరి కిటికీ తెర వాళ్ళు ఎత్తాలి. ఎత్తకపోతే రెండోవాళ్ళు వచ్చి తలుపు తట్టాలి. అంతే. ఆ తెర చూస్తే నాకు అమ్మ గుర్తొచ్చింది. నాన్నగారు పోయాక అమ్మా ఒంటరిదే కదా. వాకిట్లో ముగ్గు పడిందో లేదో చూసి, పడకపోతే గేటు తట్టమని ఎదురింటి పిన్నిగారికి తిరిగొచ్చాక చెప్పాను. ఆవిడ ఒక్కరోజు కూడా మరవలేదు. మంచిమనిషే పాపం, మాటే కాస్త దురుసు.

గుంటూరు వచ్చాక ఫ్రిజ్ మీద నేనూ ఒక కాగితం అంటించాను. నా పనులన్నీ గళ్ళు గీసి రాశాను. మొత్తం ఇరవై మూడయ్యాయి. మావారు చూసి, "ఏమిటిది, కాపురమా, ఆఫీసా?" అన్నారు. మా అత్తగారు, "లెక్కలు రాసుకుంటే ప్రేమలేం మిగులుతాయే?" అన్నారు. ఆవిడ మాట నేను కొట్టిపారెయ్యను. కొట్లాటకి రాసుకుంటే నిజంగానే ఏమీ మిగలదు. కానీ కనబడని పనిని పంచుకోవడం ఎవరికైనా ఎలా సాధ్యం? జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జనం సమయం ఎలా గడుపుతున్నారో లెక్క తీసింది. అప్పట్లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చించేవారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు చేయి పెట్టే మగవాళ్ళే నూటికి 26 మంది! ప్రభుత్వం లెక్క రాస్తే తప్పులేనిది, మనం రాస్తే తప్పా?

ఆ కాగితం వల్ల మా ఇంట్లో విప్లవమేమీ రాలేదు. ఇరవై మూడింటిలో నాలుగు పనులు చేతులు మారాయి. నీళ్ళ ఫిల్టరు కడగడం, గ్యాస్ బుక్ చెయ్యడం మావారివి. బట్టలు మడతపెట్టడం మా అబ్బాయిది. ఆదివారం బాత్‌రూము... అది ఇద్దరూ వంతులేసుకున్నారు. మొదటి ఆదివారం మావారు మూతి ముడుచుకునే వెళ్ళారు. "సున్నాకి ముప్ఫై కింద మీ తోడల్లుడు చేస్తున్నాడండీ, మనకి ముప్ఫై పైనే ఉంది" అన్నాను. నవ్వేశారు.

అమ్మకి ఇదంతా చెబితే ఎంతోసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే అల్లుడు కూడా బండ మార్చిన రోజు రాసుకుంటాడన్నమాట" అంది మెల్లిగా. ఇప్పుడు ఎవరైనా అడిగితే, "మా చిన్నదానిది చక్రాల ఇల్లండీ" అని తనే చెబుతోంది.

మనకి గడ్డకట్టే చలి లేదు, గొట్టాలు పగిలే భయం లేదు. అందుకని మన పని కనబడకుండానే ఉండిపోవాలా? ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు చాలు. మీ ఇంట్లో ఎన్ని గళ్ళు పడతాయో ఈ ఆదివారం ఒకసారి గీసి చూడండి.